ముంగిస కాపలా కాసిన చెలమ

అనగనగా ఒక అడవి. ఆ ఏడు ఎండలకు అక్కడి వాగు పూర్తిగా ఎండిపోయింది. జంతువులన్నీ కలిసి వాగులో చెలమ తవ్వుకున్నాయి. చెలమంటే తెలుసుగా పిల్లలూ? ఇసుకలో తవ్విన గుంట. అడుగున నీళ్లు మెల్లగా ఊరతాయి. తొందరపడి దిగితే బురదే దక్కుతుంది. అందుకని ముంగిసను కాపలా పెట్టుకున్నాయి. అది "ఊరాయి" అన్నాకే ఎవరైనా దిగాలి. అదీ కట్టుబాటు.

మన ముంగిస ఏం చేసిందనుకున్నారు? "ఇంకా ఊరలేదు వదినా, సాయంత్రం రా" అని కుందేలును పంపేసేది. తను మాత్రం కడుపునిండా తాగేది. ఒకరోజు కుందేలు పిల్ల దాహంతో సొమ్మసిల్లి పడిపోయింది. తల్లి పరుగున చెలమ దగ్గరికొచ్చింది. ముంగిస మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి!

ఎవరూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. జంతువులన్నీ వాగు పై మలుపులో ఇంకో చెలమ తవ్వుకుని, దుప్పిని కాపలా పెట్టుకున్నాయి. పాత చెలమ నిండా నీళ్లే. ఎంత తాగినా అడిగేవాళ్లు లేరు. పలకరించేవాళ్లూ లేరు. ముంగిసకు ఏడుపొచ్చింది.

"రండర్రా, బోలెడు నీళ్లున్నాయి!" అని అరిచింది. ఎవరూ తిరిగి చూడలేదు.

రేగుపళ్లు ఏరి కుందేలు గుమ్మంలో పెట్టింది. అవి అక్కడే ఎండిపోయాయి.

చివరికి తనే వెళ్లింది. "తప్పు చేశాను వదినా. ఒట్టు, ఇక అబద్ధమాడను. నన్ను నమ్ము."

"నమ్మాలనే ఉంది" అంది కుందేలు. "కానీ నీ గొంతు వింటే నా పిల్ల పడిపోవడమే గుర్తొస్తోంది. ఏం చెయ్యను?"

ముంగిస తలవంచుకుని వెనుదిరిగింది. తప్పు ఒప్పుకోవడం మన చేతిలో పని. నమ్మడం ఎదుటివాళ్ల చేతిలో పని.

ఆ రోజునుంచి ముంగిస పాత చెలమ వదిలేసి, కొత్త చెలమ దగ్గర అందరికంటే చివర నిలబడేది. అడుగున మిగిలిన బురదనీళ్లు తాగి, ఒంటరిగా వెళ్లిపోయేది. రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు.

ఎన్నాళ్లో గడిచాయి. ఒకనాడు దుప్పి మేతకు వెళ్లింది. కుందేలు పిల్లతో వచ్చేసరికి అక్కడ ముంగిస ఒక్కతే ఉంది. కుందేలు కాసేపు తటపటాయించింది.

"నీళ్లున్నాయా?" అని అడిగింది.

ముంగిస ఉన్నాయనబోయి ఆగింది. పక్కకు జరిగింది. "నువ్వే చూసుకో వదినా" అంది.

కుందేలు వంగి చూసింది. ముందు తను రుచి చూసి, తర్వాత పిల్లచేత తాగించింది.

"రేపు కూడా చూసుకునే తాగుతాను" అంది వెళ్తూ.

"చూసుకో వదినా. ఎల్లుండి కూడా చూసుకో" అంది ముంగిస. చాలాకాలానికి దానితో ఒకరు మాట్లాడారు.

నీతి: పోయిన నమ్మకం అడిగితే తిరిగి రాదు. ఎదుటివాళ్లు అనుమానించినా నొచ్చుకోకుండా, రోజూ నిజాయితీగా ఉండాలి.