రాజుగారి తలలో పిచ్చుక గూడు

నీకే చెబుతున్నాను, విను. పెరట్లో పాదు మీద పిట్ట వాలిందో లేదో, నీ చెయ్యి రాయి కోసం వెతుకుతుంది. నువ్వు పెట్టింది ఒక్క గింజ, ఇంటికి తెచ్చుకున్నది బుట్టెడు కాయలు. అయినా పిట్ట కొరికిన ఆ ఒక్క కాయ కోసమే నీ ఏడుపంతా. సిగ్గులేదూ? ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చో. కథ అయ్యేదాకా తియ్యకు.

ఒకానొకప్పుడు మేడూరు రాజ్యాన్ని రణసింగరాజు ఏలేవాడు. ఆయనకు తనంటే మహా గౌరవం. తన తర్వాత ఆయనకు ఇష్టమైనది కోట వెనక ఉన్న కూరల పెరడు. రోజూ పొద్దున్నే వెనక వసారాలో కూర్చుని, చిక్కుడు పందిరి మీద ఉడతల పరుగులూ, వంగమొక్కల మధ్య గోరింకల తగవులూ చూసేవాడు.

పెరటి కాపలా మాచమ్మది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ పనీ, పెరటి మూల ఒక గుడిసే.

మంత్రి చండీశ్వరయ్యకు ఆ పిట్టల సంత నచ్చలేదు.

"ప్రభువులు తినవలసిన చిక్కుడుకాయను ముందుగా ఉడత రుచి చూడడమా? ఎంగిలి!" అన్నాడు.

అని ఊరుకోలేదు. పెరట్లో కుండ తలతో నిలబడ్డ గడ్డిబొమ్మకు రాజుగారి పాత పట్టు అంగీ తొడిగించాడు. కుండకు రాజుగారి తలపాగా చుట్టించాడు. "ఇక ఇది బొమ్మ కాదు, సాక్షాత్తూ రాజుగారే. దండం పెట్టనిదే ఎవరూ పెరట్లో అడుగు పెట్టకూడదు. దీన్ని ముట్టుకున్నా, దీనివైపు రాయి విసిరినా రాజద్రోహం" అని చాటింపు వేయించాడు. రాజు ఉబ్బిపోయి మంత్రికి జరీ శాలువా కప్పాడు.

పిచ్చుకలు చాటింపు వినలేదు. తలపాగా మడత కింద కుండకు చిల్లి ఉంది. ఒక జంట వచ్చి చూసుకుంది. నచ్చింది. పీచు తెచ్చుకుంది. కొన్నాళ్లకు రాజుగారి తలలోంచి కిచకిచలు వినిపించాయి.

మాచమ్మ బొమ్మ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించింది. అదిలిద్దామంటే రాళ్లు విసిరే వడిసెల రాజుగారి మొహానికే గురిపెట్టాలి. గూడు తీద్దామంటే రాజుగారి తలలో చెయ్యి పెట్టాలి. ఊరుకుంటే కాపలా కాయలేదంటారు. చివరికి దూరం నుంచే కొంగు విదిలించి "హుష్" అంది. వెంటనే "తమర్ని కాదు దొరా" అని దండం పెట్టింది. పిచ్చుక తొంగిచూసి లోపలికి పోయింది.

మంత్రి చూడనే చూశాడు. రాజుగారి భుజం మీద తెల్లటి చారలు, ముక్కు దగ్గర గడ్డిపోచ. మాచమ్మను సభకు ఈడ్పించాడు.

"ఏమే, రాజుగారి నెత్తిన పిట్టలు కాపురం పెడుతుంటే నువ్వేం చేస్తున్నావు?"

"వంగమొక్కలకు నీళ్లు పోస్తున్నానయ్యా."

"ప్రభూ, దీని గుడిసె పీకించి పొలిమేర దాటించాలి. ఆ గూడు తగలబెట్టించాలి!"

పొలిమేర అవతల మాచమ్మకు ఎవరూ లేరు. అయినా నోటికి వచ్చింది వేరే మాట. "వాటికింకా రెక్కలు రాలేదు బాబూ" అంది.

కొలువులో బయ్యన అని ఒకడున్నాడు. అతని ఉద్యోగమేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు, జీతం మాత్రం రాజు ఎన్నడూ ఆపలేదు. అతను లేచాడు.

"మంత్రిగారూ, చిన్న సందేహం. పెరట్లో ఉన్నది బొమ్మా, రాజుగారా?"

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? సాక్షాత్తూ రాజుగారే!"

"అయితే పిచ్చుకలు వచ్చినప్పుడు రాజుగారు అక్కడే ఉన్నారు. రెండు చేతులూ చాచి నిలబడ్డారు. పొమ్మనలేదు. నెత్తిన చోటిచ్చారు. రాజుగారు ఆశ్రయమిచ్చిన వాళ్లను కాపలామనిషి తరమలేదని శిక్షా? పైగా గూడు తగలబెట్టమంటున్నారు. ఎవరి తలకు నిప్పు పెట్టమంటున్నారో కాస్త చూసుకున్నారా?"

మంత్రి శాలువా సర్దుకున్నాడు.

"అది... అది గడ్డిబొమ్మయ్యా! పొమ్మనడానికి దానికి నోరెక్కడిది?"

"ఓహో, గడ్డిబొమ్మేనా? గడ్డిబొమ్మ మీద పిట్ట వాలితే ఈమె గుడిసె పీకడమెందుకు? ఊరందరిచేతా గడ్డికి దండాలు పెట్టించడమెందుకు? ఏదో ఒకటి తేల్చండి మంత్రిగారూ. రాజుగారు కూడా తానెవరో తెలుసుకుందామని ఎదురు చూస్తున్నారు."

రణసింగరాజు మొహం ముందు ఎర్రబడింది. తర్వాత మీసం కదిలింది. ఆ తర్వాత సింహాసనం కిర్రుమనేలా నవ్వాడు.

"గడ్డిబొమ్మను కావడం కంటే పిచ్చుకలకు చోటిచ్చిన రాజును కావడమే మర్యాద. మాచమ్మా, గుడిసె నీదే. పక్కనున్న నేల కూడా నీదే, నీ కూరలు నువ్వు వేసుకో. బయ్యనా, నీకేం కావాలోయ్?"

"మొదటి కోత వంకాయలు ప్రభూ. పిట్ట కొరికినవైనా సరే."

రాజు గంపెడు వంకాయలిప్పించి, వాటి మీద తన బంగారు కడియం తీసి పెట్టాడు.

"మరి పిచ్చుక పిల్లలకు రెక్కలొచ్చేదాకా నేను నెత్తిన గూడు మొయ్యాలాయె. చిక్కుడు పందిరి ఎవరు కాస్తారు?" అన్నాడు రాజు.

"పట్టుబట్ట చూస్తే పిట్టలు బెదురుతాయని మంత్రిగారి నమ్మకం ప్రభూ" అన్నాడు బయ్యన. "వారి దగ్గర మంచి శాలువా ఉంది."

మర్నాటి నుంచి చండీశ్వరయ్య శాలువా కప్పుకుని, చేతులు చాచి చిక్కుడు పందిరి పక్కన నిలబడ్డాడు. కదలకూడదని రాజాజ్ఞ. మాచమ్మ పొద్దున్నే వచ్చి ముందు ఆయనకు దండం పెట్టి, తర్వాత మొక్కలకు నీళ్లు పోసేది. ఉడతలు మొదట ఆయన్ని దూరం నుంచి చూశాయి, తర్వాత దారిగా వాడుకున్నాయి. పిచ్చుక పిల్లలు ఎగిరిపోయేనాటికి ఆ శాలువాలో జరీపోగు ఒక్కటీ మిగల్లేదు. అంతా రాజుగారి తలలో మెత్తగా పరిచి ఉంది.