గీత పోయిన కెమెరా

నాగేంద్రానికి ఆ ఉదయం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? రిపేరు బాగా కుదిరినందుకు తిట్లు తినడం ఏ విద్యలోనైనా ఉందా?

గుంటూరులో జిలానీ ఉస్తాద్ కొట్టంటే కెమెరాల ఆసుపత్రి. నాగేంద్రం అక్కడ ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. కిటికీ పక్కన వెలుతురు తిన్నగా పడే కుర్చీ ఉస్తాద్‌ది. చేతులు వణకడం మొదలయ్యాక, రంజాన్ వెళ్లగానే ఆ కుర్చీ నీదేనని శిష్యుడికి మాటిచ్చాడు. పండగ వెళ్లి రెండు నెలలైంది. ఆయన లేవలేదు. నాగేంద్రం అడగలేదు.

దానికి తోడు ఈ ప్లాస్టిక్ రీలు కెమెరాల పిచ్చి ఒకటి! ఎప్పుడో పోయాయనుకున్నవి ఏటికేడు ఎక్కువవుతున్నాయి. జేబులో ఖరీదైన ఫోను పెట్టుకుని, కాలేజీ పిల్లలు సబ్బుపెట్టెల్లాంటి డబ్బాలు పట్టుకొస్తున్నారు. కటకం కూడా ప్లాస్టిక్కే. బొమ్మ పడిందో లేదో రీలు కడిగేదాకా దేవుడికే తెలియాలి. పెద్ద పెద్ద కెమెరాలు విప్పి బిగించిన చేతులతో వీటినా ముట్టుకునేది అని నాగేంద్రం మంట.

సుహాసిని అని నర్సింగు చదివే అమ్మాయి. ఆమె కెమెరాలో రీలు తిప్పే చక్రం బిగుసుకుపోతే కిందటి నెల నాగేంద్రం బాగుచేశాడు. పనిలో పనిగా, వెనక మూత సందుల్లోంచి వెలుగు దూరుతోందని చుట్టూ నల్లగుడ్డ అంటించాడు. ఆమె అడక్కపోయినా చేశాడు. ఆ పిల్ల ఇప్పుడు రెండు ఫోటోలు బల్ల మీద కొట్టి నిలబడింది.

"చక్రం బాగుచెయ్యమన్నా గానీ, గీత తీసెయ్యమన్నానా?"

పాత ఫోటోలో వాళ్లమ్మ ఇడ్లీ బండి దగ్గర నవ్వుతోంది. పైన కుడిమూల నారింజరంగు గీత ఉంది. కొత్త ఫోటోలో అదే అమ్మ, అదే బండి. గీత లేదు.

"అది వెలుగు కారి పడ్డ మచ్చమ్మా. కెమెరాకి జబ్బు. పోయినందుకు సంతోషించాలి."

"ఎనిమిదో తరగతి నుంచి నేను తీసిన ప్రతి ఫోటోలో ఉందండీ అది. మా అమ్మ చూడకుండా తీసి, మొన్న ఈ కొత్తది చూపిస్తే ఏమందో తెలుసా? 'ఎవరితో తీయించావే?' అంది."

ఆమె కొత్త ఫోటోని విసురుగా పక్కకి నెట్టేసింది.

నాగేంద్రం గురువు వైపు తిరిగాడు. "విన్నారా? బాగుచేస్తే తప్పంట! ఇలాంటి బొమ్మ కెమెరా ఇంకోటి ఈ బల్లెక్కితే నేను రాను ఉస్తాద్. ఏదో ఒకటి తేల్చండి."

ఉస్తాద్ ఏమీ తేల్చలేదు. కెమెరా దగ్గరికి లాక్కున్నాడు.

"గీత ఎక్కణ్నుంచి వచ్చేది?"

"ఎక్కణ్నుంచైతే ఏంటండీ? అన్నీ మూసేశాగా."

"నేనడిగింది అది కాదు."



ఉస్తాద్ వెనక మూత తెరిచాడు. పాత ఫోటోని తలకిందులు చేసి, రీలు ఉండే చోట ఆనించాడు. కటకం బొమ్మని తలకిందులుగానే వేస్తుందని నాగేంద్రం మొదటి వారంలోనే నేర్చుకున్నాడు. పైన కుడిమూల ఉన్న గీత ఇప్పుడు కింద ఎడమమూలకి వచ్చింది. దానికి సరిగ్గా ఎదురుగా, నల్లగుడ్డ కింద, ఆయన గోటికి సన్నటి చీలిక తగిలింది.

"సందులు మూయడానికి ఉస్తాద్ ఎందుకురా, బంక సీసా చాలు." ఆ ముసలాయన గొంతు పెద్దది కావడం నాగేంద్రం ఏడేళ్లలో అదే మొదటిసారి వినడం. "ఆ పిల్ల తీసిన ఫోటో ఒక్కటన్నా చూశావా?"

సన్నటి పట్టకారు శిష్యుడి చేతికిచ్చాడు. "నువ్వే తియ్యి. నా చెయ్యి వణుకుతుంది."

నాగేంద్రం బియ్యపుగింజంత గుడ్డ లాగేశాడు. మిగతాది అలాగే ఉంచాడు.

పది రోజులకి సుహాసిని కొత్త ఫోటో తెచ్చింది. గీత వచ్చి తన మూలలో కూర్చుంది.

"అమ్మ గుర్తుపట్టిందండీ," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఆమె వెనకే ఇంకొకతను వచ్చి, మూత వదులైన ప్లాస్టిక్ కెమెరా బల్ల మీద పెట్టాడు. నాగేంద్రం చెయ్యి అలవాటుగా నల్లగుడ్డ చుట్ట మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"దీంతో తీసిన ఫోటోలు ఉన్నాయా?" అని అడిగాడు. "ముందు అవి చూపించండి."

కిటికీ పక్కన జిలానీ ఉస్తాద్ మెల్లగా లేచాడు. కుర్చీలోంచి తన దిండు తీసుకుని, వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.