పోలమ్మ నిలబడిన చివరి చోటు

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక వాగు ఒడ్డున ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఒక వీధిబడి. ఆ బడిలో ఇరవై మంది పిల్లలూ, ఒక పంతులుగారూ, ఒక బెత్తమూ ఉండేవారు. బెత్తాన్ని మనుషుల్లో కలిపి చెబుతున్నానని అనుకోకండి. పంతులుగారి కంటే అదే ఎక్కువ మాట్లాడేది.

ఆ బడికి ఒక నియమం ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చినవారి అరచేతిలో పంతులుగారు సిరాతో శ్రీ రాసేవారు. రెండోవారి చేతిలో చుక్క పెట్టేవారు. మూడోవారి చేతికి ఒక దెబ్బ. నాలుగోవారికి రెండు. ఆ లెక్కన చివరివారికి పద్దెనిమిది.

బడి అరుగు ఊడ్చే ముసలమ్మ పేరు పోలమ్మ. తెల్లవారగానే వాగు ఇసుక జల్లించి తెచ్చి అరుగు మీద పరిచేది. పిల్లలు ఆ ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. సాయంత్రం ఆమె వచ్చి ఇసుకను చదును చేసేది. అరుగు ఊడ్చేదే కాని, అరుగు మీద ఏనాడూ కూర్చోలేదు. ఆమెకు ఒక్క అక్షరమూ రాదు. కాని ఏ చోటు ఎవరిదో, ఆ చోట వేలు ఎలా నడుస్తుందో ఆమెకు తెలుసు.

ఒక సాయంత్రం, కుమ్మరి ఎర్రన్న కూతురు బంగారి కూర్చునే చోట గీతలు వణికి ఉన్నాయి. మరుసటి సాయంత్రం గీతలు సగంలో ఆగిపోయి ఉన్నాయి. మూడో సాయంత్రం అక్కడ గీతలే లేవు. ఇసుక మాత్రం రెండు చోట్ల తడిసి ఉంది.

పోలమ్మ బంగారిని వెతుక్కుంటూ కుమ్మరివీధికి వెళ్ళింది.

"చెయ్యి చూపించు, అమ్మీ."

బంగారి చేతిని వెనక దాచుకుంది. పుట్టినప్పటి నుండి ఆ పిల్ల ఎడమ కాలు సన్నం. కోడి కూయకముందే బయలుదేరినా అందరికన్నా చివరే చేరేది.

"మళ్ళీ చెయ్యి వాచితే బడి మానిపించేస్తానన్నాడు మా అయ్య. వాచిన చేత్తో కుండ తట్టలేను కదా, మామ్మా."

"నీకేం కావాలి?"

"నాకు క్ష దాకా రావాలి. ఇంకా మ దగ్గరే ఉన్నాను."

పోలమ్మ పంతులుగారి దగ్గరకు వెళ్ళి మెట్టు కింద నిలబడింది.

"బాబూ, ఆ బంగారి గుంటకు దెబ్బలు తగ్గించండి."

"నియమం అందరికీ ఒక్కటే, పోలమ్మా. నా కన్నకొడుకు కూడా ఆలస్యంగా వచ్చి దెబ్బలు తిన్నాడు."

"నియమం ఒక్కటేనండి. కాళ్ళు ఒక్కటి కావు కదండీ."

"చీపురు కూడా నీతులు చెబుతోందే!" అని పంతులుగారు నవ్వారు. ఆయన చెడ్డవారు కారు. అందరినీ ఒకేలా కొట్టడమే న్యాయమని నమ్మినవారు.

మొదటి రోజు పోలమ్మ బంగారిని వీపున మోసుకొచ్చింది. "ఓహో, బంగారమ్మగారికి పల్లకి వచ్చిందిరోయ్!" అన్నాడు కరణంగారి అబ్బాయి విశ్వపతి. రోజూ శ్రీ పొందేవాడు వాడే. ఆ రోజు శ్రీ బంగారికి దక్కింది. కాని సాయంత్రం ఇసుకలో సోములు చోట గీతలు వణికి ఉన్నాయి. సోములు కొండ మీది గూడెం పిల్లవాడు. ఇంట్లో వాళ్ళ భాష వేరు, బడికి దారి దూరం.

రెండో రోజు ఆమె బంగారిని వీపున మోసుకుంటూ, సోములును చేయి పట్టి నడిపించుకొచ్చింది. సాయంత్రం ఇసుకలో గవరయ్య చోట గీతలు వణికి ఉన్నాయి. గవరయ్య పశువులను మందకు తోలి వచ్చేవాడు.

పోలమ్మ ఆ ఇసుకను చదును చేయకుండా చాలాసేపు చూసింది. ఒకరిని ముందుకు మోస్తే ఇంకొకరు వెనకపడుతున్నారు. వరుస ఉన్నంతకాలం చివర ఒక చేయి ఉంటుంది.

మూడో రోజు ఆమె ఎవరినీ మోయలేదు. మెట్టు దగ్గర చీపురు అడ్డం పెట్టి నిలబడింది. విశ్వపతి పరుగున వచ్చాడు.

"తప్పుకో మామ్మా, నా శ్రీ పోతుంది!"

"ఆగు నాయనా. ఇంకా రావాలి."

"ఎవరు?"

"అందరూ."

"అందరూ వచ్చాక నేను మొదటివాణ్ణి ఎలా అవుతాను?"

"ఎందుకవ్వాలి?"

వాడిని ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. తల దించుకుని, "కాకపోతే ఇంట్లో మా నాన్న కొడతాడు," అన్నాడు.

"అయితే నీ చెయ్యీ వణుకుతోందన్నమాట," అంది పోలమ్మ. వాడిని పక్కన నిలబెట్టుకుంది.

ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్కరే ఆగారు. చివరకు కుంటుకుంటూ బంగారి వచ్చింది. ఇరవై మందీ భుజం భుజం కలిపి ఒకేసారి అరుగు మీద కాలు పెట్టారు.

"మొదట ఎవరు వచ్చారు?" అన్నారు పంతులుగారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగారు. మూడోసారి బెత్తం చేత పట్టుకుని, "పోనీ, చివర ఎవరు?" అన్నారు.

"నేనండి," అంది పోలమ్మ. ఏనాడూ నిలబడని వరుసలో, ఇరవై మందికీ వెనక నిలబడి చేయి చాచింది. "నాకూ అక్షరాలు రావు బాబూ. నేనూ బడికి వచ్చినట్టే. నియమం అందరికీ ఒక్కటే కదండీ. లెక్క ప్రకారం పంతొమ్మిది."

పంతులుగారు ఆమె వేళ్ళు పట్టుకున్నారు. అన్నేళ్ళలో ఆయన ఆ చేతిని చూడడం అదే మొదలు. అరచెయ్యంతా పగుళ్ళు. పగుళ్ళ నిండా ఇసుక. బెత్తం లేచింది.

"కొట్టకండి! చివర వచ్చింది నేను," అంది బంగారి.

"కాదండీ, నేను," అన్నాడు విశ్వపతి.

సోములు తన భాషలో ఏదో అన్నాడు. మాట పంతులుగారికి తెలియలేదు. వాడు చేయి చాచాడు కనుక అర్థమయింది. ఆ వెంట మిగిలిన చేతులన్నీ చాచుకున్నాయి.

పంతులుగారు బెత్తం కింద పెట్టారు. కలం సిరాలో ముంచి పోలమ్మ అరచేతిలో రాశారు. సిరా పగుళ్ళలోకి పాకి అక్షరం కొంచెం చెదిరింది.

"ఏటి రాశారు బాబూ?"

"శ్రీ."

"అది మొదటివాళ్ళకు కదండీ?"

"అవును," అన్నారు పంతులుగారు.

ఆ బెత్తం మళ్ళీ లేవలేదు. బంగారికి క్ష దాకా వచ్చింది, ఆ తరువాత చదువూ వచ్చింది. పోలమ్మ కన్నుమూసిన రోజున ఆమె పేరును ఇసుకలో రాసింది కూడా బంగారే. ఆ పేరు రాయడం లోకంలో అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇసుకను చదును చేయడానికి ఊళ్ళో ఎవరికీ చేతులు రాలేదు.

ఎన్ని తరాలు గడిచాయో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ ఊరి పిల్లలు బడి మెట్టు దగ్గర ఆగుతారు. "పోలమ్మ ఇంకా రాలేదు, ఆగండి," అని చెప్పుకుంటారు. కుంటుతూ వచ్చినా, కొండ దిగి వచ్చినా, పశువులను తోలి వచ్చినా, ఆ రోజు చివరగా వచ్చిన బిడ్డకు అదే పేరు. ఆ పేరుతో పిలిపించుకోవడానికి కొందరు కావాలనే మెల్లగా నడుస్తారట. దుమ్ము కాళ్ళతో ఆ బిడ్డ మలుపు తిరగగానే ఊరంతా వినబడేలా కేక వేస్తారు.

"పోలమ్మ వచ్చింది! పదండి!"