జానెడు తీగ

లోవయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, "నీకా, లోకానికా?" అనేవారు. లోకానికన్నవాళ్ళకు ఒక తత్వం పాడి వినిపించి పంపేసేవారు. నాకేనని ఒప్పుకునేవాళ్ళు ఏడాదికి ఒకళ్ళో ఇద్దరో ఉండేవాళ్ళు. బుల్లెబ్బాయి వాళ్ళలో ఒకడు.

బుల్లెబ్బాయి ఏటి నడుమ లంకలో పొగాకు వేసేవాడు. సేద్యం బాగా తెలిసినవాడు, తెలుసునన్న సంగతి అంతకంటే బాగా తెలిసినవాడు. ఆ ఏడు అతని పక్క చేను ఎవరో కొత్తగా కౌలుకు తీసుకున్నారనీ, ఆ మనిషి రోజూ ఇతని గట్టెక్కి సలహాలు అడుగుతున్నాడనీ మాకందరికీ తెలుసు. ఒక ఏకాదశినాడు, భజన మొదలుకాకముందు, అతను వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు.

"అడగనిది చెప్పకపోతే అది అబద్ధం కిందికి వస్తుందాండీ?" అని అడిగాడు.

"నీకా, లోకానికా?"

"నాకేనండి," అన్నాడు తలెత్తకుండా.

చాప మీద కూర్చున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు భుజాలు తడుముకున్నారు. నేనూ తడుముకున్నాను, దాచుకోవడమెందుకు. గురువుగారు మాత్రం ఎప్పటిలా తత్వం ఎత్తుకోలేదు. ఏటివైపు తిరిగి కూర్చుని ఒక పాత ఊసు చెప్పారు. తత్వాల్లోకి రాకముందు ఆయన చేపలు పట్టి బతికినవారు; గాలం వేయడంలో ఆ రేవు మీద ఆయనను మించినవాడు లేడని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ ఊసు ఆయన సొంతదే అయినా, 'లోవయ్య' అని ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టుగా చెప్పుకొచ్చారు. నేనూ అలాగే చెబుతాను.

రేవుకు కాస్త ఎగువన గుర్రాల మడుగు అనే లోతైన చోటు ఉంది. మనిషి పొడవు వాలుగ చేపలు ఉండేది అక్కడే. అడుగున రాళ్ళు కాబట్టి వల పనికిరాదు, గాలమే దిక్కు. ఆ మడుగు మీద తొమ్మిది కుటుంబాలకు వంతులుండేవి, రోజుకొకరిది. కొత్తగా వచ్చినవాడికి వంతు కావాలంటే ఒక కట్టుబాటు ఉంది. పెద్దలు అతణ్ణి ఒక పనివాడికి అప్పగిస్తారు. ఆ ఒక్కడే నేర్పాలి, మిగిలినవాళ్ళు నోరు మెదపకూడదు. పదిమంది చెబితే నేర్చుకునేవాడు పది విధాల చెడతాడని వాళ్ళ లెక్క. తరువాత మూడు వంతులిచ్చి చూస్తారు. మూడింటిలో ఒక్క వాలుగనైనా ఒడ్డుకు చేర్చాడా, పదో వంతు అతనిది, అతని తరువాత అతని పిల్లలది. చేర్చలేకపోయాడా, ఆ ఏట్లో అతనికి హక్కు లేదు.

సింగన్న అలా వచ్చిన మనిషి. సముద్రపు ఒడ్డువాడు. లోవయ్యకు చెల్లెలి వరసయ్యే పైడమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఇసకలో కాళ్ళు తన్నిపెట్టి అలివివల లాగినవాడే గాని, గాలం చేత్తో పట్టి ఎరగడు. ఇల్లరికపు అల్లుడంటే అందరికీ లోకువే కదా. "ఏం బావా, మా నీళ్ళు చప్పగా ఉన్నాయా?" అని రేవులో ప్రతివాడూ ఆట పట్టించేవాడు. అతను తానే ముందు నవ్వేవాడు. కానీ మామగారింట తింటున్న ప్రతి ముద్దా అతనికి బరువుగానే ఉండేది. ఆ వంతు దొరికితే తన ఇల్లు తాను నిలబెట్టుకోవచ్చునని అతని ఆశ. పెద్దలు అతణ్ణి లోవయ్యకు అప్పగించారు.

లోవయ్యకు చెప్పడం చేతనవును. వినేవాడు నోరు తెరుచుకుని వింటుంటే ఇంకా బాగా చేతనవును. సింగన్న మూడు అడిగాడు: ఏ గాలం, ఏ దారం, ఏ ఎర. లోవయ్య మూడింటికీ ఏ లోటూ లేకుండా చెప్పాడు. చేప నోరు పెద్దదని గాలం పెద్దది కట్టకూడదు, ఎర ఎంతో గాలం అంతే ఉండాలి. మరీ పెద్దదైతే ఇనుము తగిలి వాలుగ ఉమ్మేస్తుంది. దారం మరీ లావుదైతే పారే నీటికి ఊగి ఎరను అడుగున నిలవనివ్వదు. ఎర్రనీరు వచ్చినప్పుడు చేప కంటితో కాదు, వాసనతో వస్తుంది, అప్పుడు కోడిపేగులు గుచ్చాలి. నీరు తేరుకున్నాక కదిలేది కావాలి, అప్పుడు బతికున్న జెల్ల చేపపిల్ల. దాన్ని వీపు మీది రెక్క కింద పైపైన గుచ్చితే పూటంతా బతికి ఉంటుంది. దారం రెండో కొసకు ఎండు సొరబుర్ర కట్టాలి. చేప దాన్ని లాగి లాగి తానే అలిసిపోతుంది. ఇవన్నీ చెప్పి, ముడి వేయడం నేర్పి, పదిసార్లు వేయించాడు.

చెప్పనిది ఒక్కటే. వాలుగ నోట్లో పళ్ళు ఆకురాయిలా ఉంటాయి. పెనుగులాటలో దారం వాటికి రాసుకుని రాసుకుని తెగిపోతుంది. అందుకని గాలానికీ దారానికీ నడుమ జానెడు ఇత్తడి తీగ కట్టాలి. ఆ తీగచుట్ట అప్పుడు లోవయ్య సంచిలోనే ఉంది. సింగన్న గాలం అడిగాడు, దారం అడిగాడు, ఎర అడిగాడు. తీగ సంగతి అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు అనుకుని లోవయ్య సంచిమూతి బిగించాడు.

ఇక్కడ గురువుగారు ఆగి, తొమ్మిది రోజులకొకసారి వచ్చే వంతు పది రోజులకు వస్తుందనే లోవయ్య అలా చేశాడని చెప్పారు. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది, వెతికాను గాని దొరకలేదు అన్నారు.

మొదటి వంతునాడు వాలుగ పడింది. సొరబుర్ర రెండుసార్లు మునిగి తేలింది. సింగన్న దారం లాగితే ఉత్త కొస వచ్చింది. అది పట్టుకుని లోవయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "నా ముడి జారిపోయినట్టుంది బావా," అన్నాడు. కొస పీచులు లేచి ఉండటం లోవయ్య చూశాడు. ముడి గట్టిగానే వేశావని అనలేదు, జారిందనీ అనలేదు. కూర్చోబెట్టి ముడి మళ్ళీ నేర్పాడు, ఇంకా గట్టిది.

రెండో వంతునాడూ అంతే. ఈసారి సింగన్న పరుగెత్తుకు రాలేదు, నెమ్మదిగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు సెప్పినయ్యన్నీ సేశాను గదా బావా. ఏదన్నా మర్సిపోయానా?"

"లేదు బావా. నే సెప్పినయ్యన్నీ సేశావు," అన్నాడు లోవయ్య. అందులో అక్షరం అబద్ధం లేదు.

మూడో వంతుకు పైడమ్మ కూడా దోనె ఎక్కింది. ఆమె తెడ్డు పట్టింది, అతను దారం పట్టాడు. ఒడ్డున తొమ్మిది ఇళ్ళవాళ్ళూ చూస్తున్నారు. చేప పొద్దెక్కేదాకా తిరిగి తిరిగి, చివరికి దోనె పక్కకు వచ్చింది. దాని తల, మీసాలు పైడమ్మ కళ్ళారా చూసింది. చెయ్యి చాపితే అందేటంత దూరంలో దారం తెగింది. ఒడ్డునున్నవాళ్ళు అయ్యో అన్నారు. అన్నవాళ్ళలో లోవయ్య ఉన్నాడు. ఆ అయ్యో కూడా నిజమైనదే, కడుపులోంచి వచ్చిందేనని గురువుగారు చెప్పారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేక నేను చాప ఈనెలు గిల్లుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఒక పెద్దాయన సింగన్నను అడిగాడు, లోవయ్య నీకు సరిగా నేర్పాడా అని. లోవయ్య అక్కడే, స్తంభాన్ని ఆనుకుని ఉన్నాడు. అతణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

"కన్నబిడ్డకి సెప్పినట్టు సెప్పాడండి. నా సేతిలోనే లేదు," అన్నాడు సింగన్న.

అని, మిగిలిన గాలాలు, దారపుచుట్ట, ఒక కొత్త తుండుగుడ్డలో పెట్టి లోవయ్య చేతికిచ్చాడు. నేర్పినవాడికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా, ఇంతకంటే నా దగ్గర లేదు అన్నాడు. లోవయ్య తీసుకున్నాడు. రెండు చేతులతో తీసుకున్నాడు.

ఆ తరువాత సింగన్న ఇసక రేవులో తట్టలు మోసే పనిలో చేరాడు. ఏటిని రోజూ చూసేవాడు గాని మోకాళ్ళ లోతు దాటి దిగేవాడు కాదు. పదకొండేళ్ళు అలా గడిచాయి. అతని కూతురు ఒకసారి ఎవరిదో గాలం తెచ్చి ఆడుకుంటుంటే, "అది మనకొద్దమ్మా, మన సేతులు ఏటికి పనికిరావు," అన్నాడట. ఆ మాట పైడమ్మ వచ్చి లోవయ్య భార్యతో చెప్పుకుని ఏడ్చింది. లోపలి గదిలో అన్నం తింటున్న లోవయ్య అది విన్నాడు. పిల్ల చేతులు కూడానా అనుకున్నాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇసక రేవుకు నడిచాడు.

"బావా, వాలుగ గాలానికి తీగ కట్టాలి. జానెడు ఇత్తడి తీగ. లేకపోతే ఎవరు పట్టినా దారం తెగుతుంది. నీ సేతుల్లో తప్పు లేదు," అన్నాడు. దారి పొడుగునా ఇంకా చాలా అనుకుంటూ వచ్చాడు. అంతవరకే నోట వచ్చింది.

సింగన్న తట్ట దించాడు. అరచేతులు రెండూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు. అతను కొడతాడనుకున్నాడు లోవయ్య. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. సింగన్న తలెత్తి, ఎదుటివాడి ముఖంలో ఏం కనిపించిందో ఏమో, జాలిపడ్డవాడిలా భుజం తట్టాడు.

"అప్పటికి నీకూ తెలవదేమోలే బావా," అన్నాడు.

గురువుగారు ఏటివైపు నుంచి మావైపు తిరిగారు. మద్దెల ముందు కూర్చున్నతను దాని మీంచి చెయ్యి తీసేశాడు.

"నేను అవునని తల ఊపాను," అన్నారు గురువుగారు. అంతదాకా లోవయ్య, లోవయ్య అంటూ వచ్చిన మనిషి నేను అనడం అదే మొదలు.

బుల్లెబ్బాయి, "తరువాతైనా అసలు సంగతి చెప్పారాండీ?" అని మెల్లగా అడిగాడు.

"చెప్పేలోపే, ఆ వానాకాలమే సింగన్న జ్వరమొచ్చి పోయాడు. పైడమ్మకు చెప్పాను. వింది. ఆ తరువాత మా గుమ్మం తొక్కలేదు."

బుల్లెబ్బాయి ఇంకా ఏదో పట్టు దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్నట్టు కనిపించాడు. "అయితే గురువుగారూ, మీరు తల ఊపారు చూడండి, అది అబద్ధమే కదండీ," అన్నాడు.

"అబద్ధమే. ఆ వ్యవహారం మొత్తంలో నేనాడింది అదొక్కటే," అన్నారు గురువుగారు. "నాకు సిగ్గేసేది మాత్రం దానికి కాదురా."