దొరగారి వైరింగు

దివాణం హాల్లో దీపం మార్చడానికి కరెంటు పనివాడు తవుడు నిచ్చెనెక్కాడు. పైన మూత విప్పితే నాలుగు పాత తీగలున్నాయి. నాలుగూ మసిబారి ఒకే రంగుకొచ్చేశాయి.

"బాబూ, టెస్టరు ఇంటికాడ మర్చిపోనాను. ఓపాలి ఫ్యూజు పీకించండి."

పడక్కుర్చీలో ఉన్న జగ్గరాజు దొరగారు మండిపడ్డారు. "నా ఫ్యాను ఆగిపోదూ! ఈ వైరింగు దగ్గరుండి చేయించింది నేను. స్విచ్చి కట్టేశాక ఏ తీగలోనూ కరెంటుండదు. ధైర్యంగా పట్టుకో!"

"అలాగే బాబూ. ముడి విప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి. తమరు రెండు మెట్లెక్కి ఈ తీగ కొస పట్టుకోండి."

దొరగారు లేచి, గోడ తగిలేదాకా వెనక్కి నడిచారు.

తవుడు నిచ్చెన దిగిపోయాడు.

"ఏరా, దిగావేం?"

"తమరి అడుగులు చూశాక ఇంక టెస్టరెందుకు బాబూ? ఫ్యూజు పీకించండి."