ఓర్పు పద్దెనిమిది

భ్రమరాంబ టీచరుగారిని ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు దొరికిన దాఖలా లేదు. పాచిక మాత్రం దొరుకుతుంది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన ఆవిడ, రాజమండ్రిలో ఒక టిఫిను హోటలు మేడమీద గది తీసుకుని, పెద్దవాళ్ళ చేత వేషాలు కట్టించే ఆట ఆడించడం మొదలుపెట్టారు. రంగు పూసుకోరు, కిరీటం పెట్టుకోరు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు నేను యోధుణ్ణంటారు, ఒకరు నేను మాంత్రికురాలినంటారు. ఒక్కో వేషానికీ ఒక కాగితం, దానిమీద బలం, తెలివి, ఓర్పు అని మూడు అంకెలు. ఏం చేయదలచుకున్నారో నోటితో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడింది తమ అంకెకు మించకపోతే పని అయినట్టు, మించితే మునిగినట్టు. కథ నడిపేది టీచరుగారు. మెడలో పాత డ్రిల్లు ఈల అలాగే ఉంటుంది, అడ్డం మాట్లాడేవాళ్ళ కోసం.

ఆ ఆదివారం మధ్యాహ్నం హిమజ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. టీచరుగారి శిష్యుల్లో లెక్కలో దిట్ట. రెండేళ్ళు కూర్చుని నల్లగుట్ట కోట అని సొంతంగా ఒక ఆట రాసింది. సాయంత్రం ఐదింటికి దాన్ని అచ్చుకివ్వాలి. అందులో యోధుడు, మాంత్రికురాలు, కావడివాడు అని మూడు వేషాలు. ఎవరి అంకెలు కూడినా ముప్పై ఆరే, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. అయినా కావడివాడి కాగితం ఎవరి చేతికిచ్చినా మొహం ముడుచుకుంటున్నారు. కిందటివారం సొంత అక్కే సగం ఆటలో లేచి, నన్ను పిలిచింది మీ మూటలు మోయడానికా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆట ఊసే ఎత్తలేదు. పుస్తకం ఎలా ఉంటుందోనన్న బెంగకన్నా ఆ మాటే హిమజను ఎక్కువ గుచ్చింది.

"అందరికీ సమానంగానే పంచాను కదండీ. మరి కొందరు వీరులూ, కొందరు కూలీలూ ఎందుకవుతున్నారు? కావడివాడికి ఇంకో పది కలపనా, ఆ వేషమే తీసేయనా?" అని అడిగింది.

టీచరుగారు ఆ ప్రశ్న వినపడనట్టే లేచి, పిట్టగోడ దగ్గర నిలబడి, కింద హోటలు నడిపే వీరలక్ష్మిని కేకేశారు. పాచిక ఎలా ఉంటుందో కూడా ఎరగని మనిషి. చేతులు తుడుచుకుంటూ పైకొచ్చింది. ఆవిడకు కావడివాడి కాగితం ఇచ్చారు. అప్పటికే కూర్చుని ఉన్న ఇద్దరు పాత శిష్యుల్లో ఫణీంద్రకు యోధుణ్ణీ, వసుధకు మాంత్రికురాలినీ ఇచ్చారు. హిమజను మాత్రం గోడవారగా కుర్చీ వేయించి కూర్చోబెట్టి, నోరు మెదపవద్దన్నారు. రాసినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో రాసినవాళ్ళకే తెలుసు.

కోట మొదటి వాకిట్లోనే ఒక రాతి భూతం అడ్డం నిలబడింది. మూడువందల ఏళ్ళుగా అక్కడే కాపలా. ఫణీంద్ర ఆగలేదు, గద ఎత్తానన్నాడు. బలం పద్దెనిమిది, పాచిక పందొమ్మిది. భూతం ఒక్క తోపు తోసేసరికి యోధుడు కందకంలో పడ్డాడు. వసుధ మంత్రం ఎత్తుకుంది. తెలివి పద్దెనిమిది, పాచిక ఇరవై. మంత్రం తిరగబడి మాంత్రికురాలికే మాట పడిపోయింది. ఆట మొదలై పావుగంట కాలేదు, ఇద్దరు ఉద్దండులూ మట్టికరిచారు. మిగిలింది కావడివాడు, అంటే హిమజ లెక్కలో ఎవరూ మిగలనట్టే.

వీరలక్ష్మి తన కాగితాన్ని దూరంగా పెట్టి చదువుకుంది. "నాకు ఓర్పు పద్దెనిమిదుందని రాశారండి. అయితే నేను కావడి దించి వాడి ఎదురుగా కూర్చుంటాను. ఎంతసేపు తిడతాడో తిట్టమనండి."

హిమజ కుర్చీలోంచి లేచింది. ఓర్పంటే అది కాదనీ, అది ఒంటిగట్టితనమనీ, ఎన్ని దెబ్బలు తిన్నా పడకుండా ఉండటమనీ అనబోయింది. కాగితం మీది గడిలో దేహదారుఢ్యం అన్న మాట పట్టలేదని, చిన్నదిగా ఉందని ఓర్పు అని రాసిందంతే. ఓర్పంటే అనేదాకా వచ్చిందో లేదో, ఈల మోగింది. హిమజ కూలబడింది.

టీచరుగారు భూతం గొంతు పెట్టి తిట్లు లంకించుకున్నారు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు గ్రౌండులో పండిన గొంతు, తిట్లకేం కరువు? వీరలక్ష్మి పాచిక వేసింది. పదకొండు. ఓర్చుకున్నట్టే. రెండో వాయికి ఓర్పులో నాలుగు తగ్గిస్తున్నామన్నారు. ఈసారి పద్నాలుగు దాటకూడదు. భూతం కావడివాడి ఏడుతరాలనూ ఎత్తిపొడిచింది. పాచిక పదమూడు దగ్గర ఆగింది. ఫణీంద్ర కందకంలో ఉన్న సంగతి మరచిపోయి బల్లమీదికి వంగాడు. మాట పడిపోయిన వసుధ హమ్మయ్య అనేసి, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోపం రావట్లేదా అని అడిగారు టీచరుగారు, భూతం గొంతుతోనే.

"చట్నీ చాల్లేదని రోజూ పొద్దున్నే నలభైమంది నన్ను తిడతారు," అంది వీరలక్ష్మి, "నువ్వొక్కడివే కదా."

మూడోసారికి ఇంకో ఐదు తగ్గించారు, తొమ్మిది దాటితే కావడివాడి పని సరి. పాచిక చేతిలోంచి జారి, కాగితాల మీదుగా దొర్లి, టీ గ్లాసుకు కొట్టుకుని, బొంగరంలా తిరిగింది. అందరూ లేచి నిలబడ్డారు. నోరు మెదపవద్దని చెప్పించుకున్న హిమజే తొమ్మిది, తొమ్మిది అని గొణుగుతోంది. ఈసారి ఈల మోగలేదు, ఎందుకంటే టీచరుగారు కూడా ఊపిరి బిగబట్టి ఉన్నారు. పాచిక ఆగింది. తొమ్మిది.

భూతం తిట్టడం మానింది. ఆ కావడిలో ఏముందని అడిగింది. వీరలక్ష్మి కాగితం తిప్పి చూసింది. వెనకవైపు హిమజే ఎప్పుడో రాసి మరచిపోయిన మాట, రెండు కుండల మంచినీళ్ళు. మూడువందల ఏళ్ళుగా నిలబడ్డ భూతం రెండు కుండలూ తాగి, దారిలోంచి పక్కకు జరిగింది. ఆ గదిలో లేచిన కేకలకు కింద దోసెలు తింటున్నవాళ్ళు పైకి చూశారు. వీరలక్ష్మి మాత్రం కాగితం బల్లమీద పెట్టి, కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు చేరితే సరి అనుకుంటూ, చట్నీ రుబ్బాలని దిగి వెళ్ళింది.

హిమజకు ఒళ్ళంతా ఝల్లుమంటూనే ఉంది. అయినా పట్టు వదలక, ఓర్పన్న మాటను వీరలక్ష్మిగారు తప్పుగా అర్థం చేసుకున్నారండీ అంది. టీచరుగారు ఆ ఆట రాసిన పుస్తకమే ఆమె చేతికిచ్చారు. హిమజ మొదటినుంచీ తిప్పింది. కోటలో నలభై వాకిళ్ళు. ముప్పై ఒకటి బలంతో తెరుచుకునేవి, తొమ్మిది తెలివితో తెరుచుకునేవి. రెండోసారి లెక్కపెట్టినా అంతే వచ్చింది. లెక్కలో తనంతటిది లేదనుకున్న పిల్లకు చెవులు వేడెక్కాయి. అక్క చేతిలో ఆ కాగితం పెట్టి, గంటన్నరసేపు ఎలాంటి వాకిళ్ళ ముందు నిలబెట్టిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఐదు కావస్తోంది. ప్రెస్సువాళ్ళకు ఫోను చేసి, ఇప్పుడు కాదు, ఇంకో నెల పడుతుందని చెప్పేసింది. ఆ నెల పొడుగునా రాయబోయేది తలచుకుంటేనే కాళ్ళు నిలవడం లేదు. తర్వాత అక్క నంబరు తీసి, నొక్కబోయి ఆగింది.

"అక్కను మళ్ళీ పిలుస్తానండి. ఈసారి కావడివాడికి ఎంత కలపమంటారు?"

టీచరుగారు ఈలను పమిటచెంగుతో తుడుచుకున్నారు.

"అంకెలకేమమ్మా, బాగానే ఉన్నాయి. వాకిళ్ళే తక్కువయ్యాయి."