సతూరియో దాచిన ఎర్ర వైను

అనగా అనగా, ఓడలు గాలినే నమ్ముకుని నడిచే రోజుల్లో, దూరాన స్పెయిన్ దేశంలో, కొండల నడుమ ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో సతూరియో అనే రైతు, అతని భార్య కసిల్దా కాపురం ఉండేవారు. వాళ్లకొక ద్రాక్షతోట ఉంది. ఏటా పళ్లు కోసి, తొక్కి, ఎర్ర వైను చేసేవారు. అది రాజులు తాగే వైను కాదు. కూలివాళ్లూ గొర్రెల కాపరులూ కొనుక్కుని, రొట్టెతో పాటు తాగేది.

ఒక ఏడు ఎండా వానా చక్కగా కుదిరాయి. ఆ ఏటి వైను గిన్నెలో పోస్తే దానిమ్మ గింజలా మెరిసింది. కసిల్దా ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"మా నాన్న తోటలో కూడా ఇలాంటిది పుట్టలేదయ్యా," అంది.

ఆ మాటకు సతూరియో మనసులో ఆశ పుట్టింది. కొండ మీది జమీందారు ఒకసారి అతనికి ఇరవై ఏళ్లు నిలవ ఉంచిన వైను రుచి చూపించాడు. ఆ రుచి అతను మరిచిపోలేదు.

"మనమూ ఇరవై ఏళ్లు దాద్దాం. అప్పుడు మనదీ అంతటిదవుతుంది," అన్నాడు.

కసిల్దా తల అడ్డంగా ఊపింది. "ఆయన తీగలు ముసలివి. ఆ పళ్ల తోలు మందం, వగరు ఎక్కువ. పైగా ఆ వైను చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఊరుతుంది. ఆ వగరే దాన్ని కాపాడుతుంది. మనది లేత వైను. రెండు మూడేళ్లు హాయిగా ఉంటుంది. మహా అయితే ఐదేళ్లు. ఆ పైన నిలవదు."

"మన సరుకంటే నీకే చులకన!" అని సతూరియో కోపగించుకున్నాడు. ఆ వైనంతా సీసాల్లో నింపి, బిరడాలు బిగించి, మైనం పూసి, నేలమాళిగలో పెట్టాడు. తాళంచెవి నడుముకు కట్టుకున్నాడు.

మరుసటి ఏడు వడగళ్ల వాన తోటను పడగొట్టింది. పల్లె పల్లెంతా కదిలి వచ్చి, పడిన తీగల్ని లేపి కట్టింది. పని ముగిశాక కసిల్దా భర్తను పక్కకు పిలిచింది.

"చేతులు చీరుకుపోయేలా పని చేశారు. ఆ వైను తీద్దామయ్యా."

"ఇంకా కాలేదు," అన్నాడు సతూరియో.

వచ్చినవాళ్లు బావినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఇంకో రెండేళ్లకు సతూరియో అన్న ఫెర్మిన్ వచ్చాడు. తండ్రి పోయినప్పుడు పొలం గట్టు దగ్గర తగాదా పడి, కొండ అవతలికి వెళ్లిపోయిన మనిషి. అన్నదమ్ములకు మాటల్లేవు. ఇన్నాళ్లకు తనంతట తానే గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తమ్ముడూ, అయిందేదో అయింది. గొప్ప వైను చేశావట. ఒక్క గిన్నె పొయ్యరా, కలిసి తాగుదాం."

"ఇంకా కాలేదన్నా. అయినప్పుడు కబురు పెడతాను."

"ఎన్నేళ్లకు?"

సతూరియో చెప్పాడు. ఫెర్మిన్ తన తెల్లగడ్డం నిమురుకున్నాడు. "అప్పటికి నేనుంటానా?" అని, కూర్చోకుండానే వెనుదిరిగాడు. కసిల్దా "బావగారూ, బావగారూ" అంటూ మలుపు దాకా వెళ్లింది. కళ్లు తుడుచుకుంటూ ఒక్కతే తిరిగి వచ్చింది.

ఇంకో ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక చలికాలం కసిల్దా దగ్గుతో మంచం పట్టింది. గంజి కూడా గొంతు దిగడం లేదు.

"ఆ వైను ఒక్క గుక్క తాగాలని ఉందయ్యా," అంది.

"ఇంకా..." అన్నాడు సతూరియో. లేచి నేలమాళిగలోకి వెళ్లాడు.

మొదటి సీసా తెరిచాడు. ఆ ఎరుపు లేదు. ఎండకూ వానకూ పాతబడ్డ పెంకులా వెలిసిపోయింది. రెండోది తెరిచాడు. కుళ్లిన ఆకుల వాసన వేసింది. మూడోది తెరిచి, గిన్నెలో పోసి తెచ్చాడు.

కసిల్దా పెదవులు తడుపుకుంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందని అబద్ధమైనా చెబుతుందేమోనని ఆశపడ్డాడు.

కసిల్దాకు అబద్ధం చేతకాదు. "చచ్చిపోయిందయ్యా. ఎప్పుడో పోయింది," అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. "నిన్ను ఏడిపించాలని చెప్పలేదు. ఇంకెప్పుడూ ఇలా దాచకు."

తీగలు చిగురించకముందే ఆమె కన్నుమూసింది.

సతూరియో ఆ సీసాలన్నీ కాలవలో వంపేశాడు. ఆ ఏడు పళ్లు ఒక్కడే తొక్కాడు. వైను తేరుకోగానే తోలుతిత్తిలో నింపుకుని, కొండ దాటి అన్న ఇంటికి నడిచాడు.

ఫెర్మిన్ కర్ర ఊతంతో వచ్చి తలుపు తీశాడు. తమ్ముడి భుజాన ఉన్న తోలుతిత్తిని చూశాడు. "లోపలికి రారా," అన్నాడు.

అది మామూలు వైనే. కానీ తాజాగా, పళ్ల వాసనతో ఘుమఘుమలాడింది. ఒక గుక్క తాగేసరికి ఫెర్మిన్ మొహం తేటపడింది. లేచి వెళ్లి ఇంకో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. తలుపు వైపు చూశాడు.

"కసిల్దా ఏదిరా? వెనక వస్తోందా?"

సతూరియో తల వంచుకున్నాడు. ఫెర్మిన్ ఆ గిన్నెను మెల్లగా బోర్లించాడు.

దాచితే విలువ పెరిగేవి లోకంలో కొన్నే. మిగతావన్నీ మనవాళ్లు ఎదురుగా ఉన్నప్పుడే పంచుకోవాలి.